తాళానికి రెండో చెవి

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఎనిమిదో తరగతి దాటి హైస్కూల్లో అడుగుపెట్టే పిల్లలు ఏటా ఎందరో ఉంటారు. ఆంధ్రప్రదేశ్ నుంచో తెలంగాణ నుంచో అమ్మానాన్నలతో కొత్తగా వచ్చి, నేరుగా తొమ్మిదో తరగతిలో చేరేవాళ్లూ ఉంటారు. లెక్కల్లో ఏ స్థాయి తీసుకోవాలి, స్పానిష్ మేలా ఫ్రెంచ్ మేలా, స్కూలు బస్సు వీధి చివర ఆగుతుందా అని ఆ ఇళ్లలో వేసవంతా చర్చలు నడుస్తాయి. బడి తెరిచిన మొదటి వారంలో పిల్లల చేతికొచ్చే ఒక చిన్న చీటీని మాత్రం పెద్దలు అంతగా పట్టించుకోరు. దాని మీద ఒక లాకరు నంబరు, తాళం తీయడానికి మూడు అంకెలు ఉంటాయి. ఇవాళ ఆ చీటీ గురించే మాట్లాడతాను. నేను చెప్పదలచుకున్నది ఒకటే. లాకరు పిల్లలది సగమే, మిగతా సగం బడిది. ఈ సంగతి మొదటి రోజే ఎరిగినవాళ్లు దాన్ని చక్కగా వాడుకుంటారు. ఎరగనివాళ్లలో కొందరు నాలుగేళ్లూ దాని జోలికే పోరు. ఇంకొందరు అది ఇంట్లో బీరువా లాంటిదేననుకుని, పెట్టకూడనివి పెట్టి చిక్కుల్లో పడతారు.

లాకర్ల అవసరం అక్కడ ఎందుకు వచ్చిందో ముందు చూద్దాం. మన ఊళ్లలో పదో తరగతి ఎ సెక్షన్ అంటే ఒక గది. జూన్‌లో ఏ బెంచీ మీద చోటు దొరికితే పరీక్షల దాకా దాదాపు అదే చోటు. గంట కొట్టగానే లెక్కల మాస్టారు వెళ్తారు, సోషల్ టీచరు వస్తారు. పిల్లలూ కదలరు, వాళ్ల సంచులూ కదలవు. అమెరికా హైస్కూల్లో గది టీచరుది. కెమిస్ట్రీ ఒక చివర, ఇంగ్లిషు పై అంతస్తులో, జిమ్ ఇంకో భవనంలో. గది నుంచి గదికి తిరగాల్సింది పిల్లలే. ఎవరి టైంటేబుల్ వాళ్లది కాబట్టి పక్కన కూర్చునేవాళ్లు కూడా పీరియడు పీరియడుకూ మారిపోతారు. ఇది నా బల్ల అని చెప్పుకోవడానికి ఏ గదిలోనూ ఏమీ ఉండదు. పొద్దున వెళ్లింది మొదలు బడి వదిలేదాకా, అంత పెద్ద భవనంలో తన నంబరుతో కదలకుండా ఉండేది ఆ ఇనప అర ఒక్కటే. గుంటూరులోనో వరంగల్లోనో ఒక బెంచీకి అలవాటుపడి వచ్చిన పిల్లకు ఇది చిన్న విషయం కాదు. అందుకే లాకరును సామాన్ల లెక్కలోనే చూసి, పుస్తకాలు తగ్గాయి కదా, దాంతో ఏం పని అనేవాళ్లతో నేను ఏకీభవించలేను.

ఇక ఆ వస్తువును కాస్త దగ్గరగా చూద్దాం. సాధారణంగా అది అడుగు వెడల్పు, అడుగు లోతు, ఐదారడుగుల ఎత్తు ఉండే అర. ఒకదాని మీద ఒకటిగా రెండు చేస్తే ఎత్తు ఆ మేరకు తగ్గుతుంది. తలుపు మీద గాలాడటానికి సన్నటి చీలికలు, లోపల పైన ఒక పలక, కోటు తగిలించడానికి కొక్కేలు. చలి రాష్ట్రాల్లో నవంబరు నుంచి మార్చి దాకా ఆ కొక్కేలదే పెద్ద ఉపయోగం. తాళంకప్పల్లో తరచుగా కనబడేవి మాస్టర్ లాక్ కంపెనీవి. గుండ్రటి బిళ్ల చుట్టూ 0 నుంచి 39 దాకా గీతలుంటాయి. కుడివైపు మూడు చుట్లు తిప్పి మొదటి అంకె దగ్గర ఆపాలి. తర్వాత ఎడమవైపు తిప్పుతూ, ఆ మొదటి అంకెను ఒకసారి దాటించి, రెండో అంకె దగ్గర ఆపాలి. మళ్లీ కుడికి, ఈసారి చుట్టు వేయకుండా నేరుగా మూడో అంకెకు రావాలి. అప్పుడు కిందికి లాగితే తాళం ఊడుతుంది. రెండు గీతలు అటూ ఇటూ అయిందా, మళ్లీ మొదటికి రావాల్సిందే. వెనక గుంపు తోసుకుపోతుండగా, గంట కొట్టబోతుండగా ఈ పని చేయాలంటే పెద్దవాళ్ల వేళ్లే తడబడతాయి. అలాంటి తాళం ఒకటి కొని తెచ్చి, బడి తెరవకముందే చేతికి అలవాటయ్యేదాకా ఇంట్లో తీయించండి. ఇప్పుడు బడి ఇచ్చిన తాళంకప్పను వెనక్కి తిప్పి చూడండి. బడులు ఇచ్చే రకంలో చాలావాటికి వెనకాల తాళంచెవి పట్టే కన్నం ఒకటి ఉంటుంది. ఆ చెవి బడి ఆఫీసులో ఉంటుంది. ఆ ఒక్క చెవితో వందల తాళాలు తెరుచుకుంటాయి. అంకెలు పిల్లల తలలో ఉంటే, చెవి ఆఫీసు సొరుగులో ఉంటుంది. సగం సగం అని నేనన్నది ఊరికే కాదు, తాళాన్ని చేయడమే ఆ లెక్కన చేశారు.

ఈ రెండో చెవిని ఎప్పుడు వాడొచ్చు అన్న ప్రశ్న అమెరికా న్యాయస్థానాల దాకా వెళ్లింది. న్యూజెర్సీలో ఎడిసన్‌ను ఆనుకుని పిస్కాటవే అనే ఊరుంది. ఇప్పుడు ఆ చుట్టుపక్కల తెలుగువాళ్లు దండిగా ఉన్నారు. 1980లో ఆ ఊరి హైస్కూల్లో తొమ్మిదో తరగతి చదువుతున్న 14 ఏళ్ల అమ్మాయి బాత్రూంలో సిగరెట్ తాగుతూ దొరికింది. నేను అసలు తాగనే తాగనంది. అసిస్టెంట్ వైస్ ప్రిన్సిపల్ ఆమె చేతిసంచి తెరిచి వెతికితే సిగరెట్లతో పాటు గంజాయి, దాన్ని అమ్ముతున్నట్టు తెలిపే కాగితాలు బయటపడ్డాయి. కేసు సుప్రీంకోర్టు దాకా నడిచి 1985లో తీర్పు వచ్చింది. వెతకడానికి పోలీసులకు కావలసినంత గట్టి ఆధారం బడికి అక్కర్లేదు, కానీ సహేతుకమైన అనుమానం ఉండాలి, వెతికే తీరు కూడా ఆ అనుమానానికి తగ్గట్టుగానే ఉండాలి అని ఆరుగురు న్యాయమూర్తులు అటు, ముగ్గురు ఇటుగా తేల్చారు. న్యూజెర్సీ వర్సెస్ టి.ఎల్.ఒ. అనే ఆ తీర్పు ఇవాళ్టికీ ప్రమాణం. పిల్లలకు బడి గుమ్మం దగ్గరే హక్కులు పోవనీ, అలాగని వీధిలో ఉన్నంతగా ఉండవనీ దాని సారాంశం. అయితే చేతిసంచి గురించి ఇంత చెప్పిన కోర్టు లాకరు విషయం మాత్రం తేల్చలేదు. ఈ కేసులో ఆ ప్రశ్న రాలేదు కాబట్టి దాని జోలికి పోవడం లేదని ఒక పాదసూచికలో రాసి వదిలేసింది.

వదిలేసిన ఆ ప్రశ్నకు ఒక్కో రాష్ట్రం ఒక్కోలా జవాబు చెప్పుకుంది. న్యూజెర్సీ రాష్ట్ర సుప్రీంకోర్టు అప్పటికే, 1983లో, ఈ అమ్మాయి కేసుతో కలిపి మరో బడిలోని లాకరు కేసును కూడా విచారించింది. లాకరులో విద్యార్థికి కొంత గోప్యత ఉంటుందని ఆశించడం న్యాయమేనంది. బడి వాళ్లు ఎప్పటికప్పుడు లాకర్లు తనిఖీ చేసే పద్ధతి పెట్టుకుని ఉంటే ఆ ఆశ ఉండకపోవచ్చనీ అంది. ఆ తర్వాత 1985లో ఆ రాష్ట్రం చట్టం చేసింది. లాకర్లు తనిఖీ చేసే అధికారం ప్రిన్సిపల్‌కు ఉంది, కానీ తనిఖీలు జరగవచ్చని ఏటా బడి తెరవగానే పిల్లలకు రాతపూర్వకంగా చెప్పి ఉండాలి. విస్కాన్సిన్ సుప్రీంకోర్టు 1993లో ఇంకో దారి పట్టింది. లాకర్ల మీద యాజమాన్యం తమదేనని బడి ముందే రాసి ప్రకటించింది కాబట్టి గోప్యతను ఆశించే వీల్లేదంది. అయోవా సుప్రీంకోర్టు 2003లో మధ్యేమార్గం పట్టింది. గోప్యత ఉంది, అయినా సెలవుల ముందు ఏటా జరిగే లాకర్ల శుభ్రతలో తెరిచి చూడటం తప్పు కాదంది. అమెరికాలో అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకు ఈ తరహా ఏర్పాటు కొత్తేమీ కాదు. ఇంట్లో ఉండేది మనం, ఇంకో తాళంచెవి ఓనరు దగ్గర, ఎప్పుడు లోపలికి రావచ్చో అగ్రిమెంటులో. అందులో ఏం రాసి ఉందో చూసుకోకుండా మనలో ఎవరూ సంతకం పెట్టం. పిల్లల లాకరు దగ్గరికొచ్చేసరికి మాత్రం రాసి ఉన్నది చదివే తీరిక ఉండదు.

మావాడు బుద్ధిమంతుడు, దాచుకోవాల్సింది ఏమీ లేదు, వెతికితే వెతకనివ్వండి అనే తల్లిదండ్రులు ఉంటారు. ఆ మాటలో నిజాయితీ ఉంది కానీ, ముందుచూపు లేదు. మన ఇళ్లలో తప్పు కానిది అక్కడి బడిలో తప్పయ్యే సందర్భాలు ఉన్నాయి. తలనొప్పి వస్తే వేసుకోమని అమ్మ సంచీలో పడేసే మాత్ర చూడండి. చాలా బడుల్లో డాక్టరు చీటీ అవసరం లేని మాత్రలు కూడా నర్సు గదిలోనే ఇచ్చి ఉంచాలి. లాకరులో పెట్టుకోవడమే నిబంధన మీరడం కింద లెక్క. యాపిల్ కోసుకోవడానికి టిఫిన్ బాక్సుతో పాటు పెట్టిన చిన్న చాకు ఇంకా పెద్ద తలనొప్పి. మాత్రల విషయంలో బడులు ఎంత దూరం పోతాయో చెప్పడానికి ఆరిజోనాలోని సాఫర్డ్ కేసు చాలు. 13 ఏళ్ల అమ్మాయి దగ్గర నొప్పి మాత్రలు ఉన్నాయన్న అనుమానంతో బడి సిబ్బంది సంచీ వెతికి, అంతటితో ఆగక బట్టలు విప్పించి చూశారు. మాత్రలు దొరకలేదు. బట్టలు విప్పించడం రాజ్యాంగ విరుద్ధమని 2009లో సుప్రీంకోర్టు తేల్చింది. కానీ సంచీ వెతకడం తప్పని మాత్రం అనలేదు. ఆ తేడా గమనించాలి. ఒంటికి ఉన్న రక్షణ సంచీకి లేదు, సంచీకి ఉన్నపాటి రక్షణ లాకరుకు అన్నిచోట్లా లేదు. బుద్ధిమంతుడికే ఈ వరస ముందు తెలియాలి. తప్పు చేయాలని లేనివాడు తప్పేదో తెలియక ఇరుక్కోకూడదు కదా.

అలాంటప్పుడు అసలు లాకరు ఎందుకు, అన్నీ భుజాన వేసుకుని తిరిగితే పోలా అన్నది ఇంకో వాదన. దీనికి బలం లేకపోలేదు. 1999లో కొలంబైన్ హైస్కూల్లో కాల్పులు జరిగాక కొన్ని బడులు లాకర్లు తీసేశాయి, కొత్త భవనాలు కొన్ని అవి లేకుండానే లేచాయి. 2022లో యువాల్డీ బడిలో జరిగిన కాల్పుల ఘోరం తర్వాత డాలస్ బడుల్లో ఆరు నుంచి పన్నెండో తరగతి దాకా లోపలివి బయటికి కనిపించే సంచులే తేవాలన్నారు. పుస్తకాలు క్రోమ్‌బుక్‌లోకి చేరాయి. లాకరు లేని బడిలో నా మాటలకు పని లేదు, ఒప్పుకుంటాను. ఉన్న బడిలో మాత్రం, భుజాన మోయడమే సులువు అనే లెక్కను ఒకసారి వేసి చూడాలి. సంచీ బరువు పిల్లల బరువులో 10 నుంచి 20 శాతం మించకూడదని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ సలహా. 110 పౌండ్ల పిల్ల అయితే 11 నుంచి 22 పౌండ్లు. కాలిఫోర్నియా 2002లో పాఠ్యపుస్తకాల బరువుకు హద్దు పెట్టాలని ప్రత్యేకంగా చట్టమే చేసింది. దాని ప్రకారం 9 నుంచి 12 తరగతుల పుస్తకానికి పెట్టిన హద్దు 5 పౌండ్లు. ఆ హద్దులో ఉన్న పుస్తకాలే నాలుగు మోస్తే 20 పౌండ్లయ్యాయి. క్రోమ్‌బుక్, నీళ్ల సీసా, జిమ్ బూట్లు, చలికోటు, బ్యాండ్‌లో ఉంటే క్లారినెట్ పెట్టె ఇంకా లెక్కలోకి రాలేదు. పుస్తకాలు తగ్గినచోట కూడా కోటూ బూట్లూ తగ్గలేదు.

టైము లేదనేది పిల్లలు చెప్పే కారణం, ఇది పెద్దల వాదన కంటే బరువైనది. పీరియడుకూ పీరియడుకూ మధ్య చాలాచోట్ల ఐదు నిమిషాలు, అటూ ఇటూగా. అందులో లాకరు దాకా వెళ్లి, తాళం తీసి, తర్వాతి గదికి చేరడం కుదరదంటారు. ప్రతి పీరియడుకూ వెళ్తే కుదరని మాట నిజమే. వెళ్లాల్సిన పనీ లేదు. టైంటేబుల్‌నూ భవనం పటాన్నీ పక్కపక్కన పెట్టుకుంటే, గదులు లాకరుకు ఎప్పుడు దగ్గర పడతాయో తెలుస్తుంది. పొద్దున ఒకసారి, లంచ్ దగ్గర ఒకసారి, ఇంటికెళ్లే ముందు ఒకసారి, ఎక్కువమందికి ఇవి చాలు. పొద్దున కోటు తగిలించి లంచ్ దాకా కావలసినవి తీసుకోవాలి. లంచ్‌లో అవి పెట్టేసి మిగతావి తీసుకోవాలి. సాయంత్రం వెళ్లేది హోంవర్కుకు అవసరమైనవి ఏరుకోవడానికి. నన్నడిగితే ఇందులో సాయంత్రం వెళ్లేదే ముఖ్యం. అన్నీ మోసుకెళ్లేవాడు ఇవాళ రాత్రి ఏం చదవాలో ఆలోచించక్కర్లేదు. లాకరు వాడేవాడు బస్సెక్కే ముందు రెండు నిమిషాలు నిలబడి ఆలోచించి తీరాలి. ఇంటికెళ్లాక బయాలజీ నోట్సు లాకరులో ఉండిపోయిందని తెలిసే రోజూ ఒకటి వస్తుంది. ఆ నష్టం ఒక హోంవర్కంత. పద్నాలుగేళ్లప్పుడు ఆ వెల కట్టడం పెద్ద భారం కాదు. ఎత్తు అందకపోతేనో, కర్ర పట్టుకుని నడిచే పిల్లయితేనో కింది అర కావాలని మొహమాటపడకుండా అడగాలి. లాకర్లు పెట్టినచోట ప్రతి రకంలోనూ కనీసం 5 శాతం వికలాంగులకు వీలుగా ఉండాలన్నది అమెరికా కేంద్ర ప్రమాణం.

మేం మోయలేదా, మాకేమైంది అనే తాతగార్ల మాట వినిపించకమానదు. ఏమీ కాలేదనడానికి లేదు. 1989లో రచయిత ఆర్.కె. నారాయణ్ రాజ్యసభలో మాట్లాడుతూ పిల్లల వీపు మీది పుస్తకాల బరువునే విషయంగా ఎంచుకున్నారు. ఆ తర్వాత వేసిన యశ్‌పాల్ కమిటీ 1993లో నివేదిక ఇస్తూ, సంచీ బరువు కంటే అర్థంకాని చదువు బరువు పెద్దదని చెప్పింది. 2020 నాటి స్కూల్ బ్యాగ్ పాలసీ బడుల్లో బరువు తూచే యంత్రాలతో పాటు లాకర్లూ ఉండాలంది. అంటే ఆ అర అవసరమని మన దేశమూ కాగితం మీదైనా ఒప్పుకున్నట్టే. కాకపోతే మనకు కావలసింది ఇంటికీ బడికీ మధ్య మోత తగ్గించే లాకరు. అమెరికా పిల్లలకు కావలసింది గదికీ గదికీ మధ్యది. మన బడుల్లో అది తరగతి గదిలోనే ఉన్నా సరిపోతుంది, వరండా పొడవునా వరసలు కట్టక్కర్లేదు.

తల్లిదండ్రులకు లాకరుతో ఉన్న పని కొంచెమే. ఆ మూడు అంకెలు ఇంట్లో ఒకచోట రాసి పెట్టుకోవడం మంచిదే. వారం వారం లోపల ఏముందని ఆరా తీయడం అనవసరం. పిల్లల సగంలో చేయి పెట్టడానికి బడికి ఒక హద్దు ఉందని ఇంతసేపూ చెప్పుకున్నాం, అమ్మానాన్నలకూ ఒకటి ఉండాలి. పిల్లలకు మాత్రం రెండు విషయాలు గట్టిగా చెప్పాలి. ప్రాణస్నేహితుడికైనా అంకెలు చెప్పకూడదు. వాడి వస్తువు మన లాకరులో దొరికితే మొదటి ప్రశ్న మనల్నే అడుగుతారు. అలాగే, త్వరగా తీయొచ్చని మొదటి రెండు అంకెలూ ముందే తిప్పి ఉంచే అలవాటు పిల్లల్లో ఉంది. మూడో అంకె ఒక్కటే మిగిలిన తాళాన్ని దారిన పోయేవాడు కూడా తీయగలడు. శుక్రవారం టిఫిన్ బాక్సు మరిచిపోయి వస్తే సోమవారానికి పెరుగన్నం ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఆ తలుపుకు చీలికలున్నాయి, సంగతి వరండా అంతటికీ తెలుస్తుంది.

బడి తెరిచిన వారంలోనే పిల్లలు విద్యార్థి నియమావళి ఇంటికి తెచ్చి, చివరి పేజీలో సంతకం పెట్టమంటారు. కొన్నిచోట్ల ఇప్పుడు అది ఆన్‌లైన్లో ఒక టిక్కు. వంటింటి గట్టు మీదో ఫోన్లోనో క్షణంలో అయిపోయే పని అది. అందులో లాకర్ల గురించి ఒక పేరా ఉంటుంది. యాజమాన్యం ఎవరిదని రాశారు, ఎప్పుడు తెరుస్తామన్నారు, అనుమానం ఉంటేనేనా లేక ఎప్పుడైనానా, తెరిచేటప్పుడు పిల్లలు పక్కన ఉంటారా, మందులు ఎక్కడ ఇవ్వాలన్నారు, ఏడాది చివర ఖాళీ చేయకపోతే వస్తువులు ఏం చేస్తారు, ఇవన్నీ చూడండి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని వాళ్లచేతే చదివించి, అర్థమైంది తెలుగులో చెప్పమనండి. మీకు అర్థంకానిది ఉంటే కౌన్సెలర్‌కు ఒక మెయిల్ రాయండి, అడిగినందుకు ఎవరూ ఏమీ అనుకోరు. సంతకం ఆ తర్వాత పెట్టండి.